బోల్డ్ జ్యామెట్రిక్ ఫాంట్ (వృత్తాలు, సరళరేఖలతో కట్టినట్టుండే లావు అక్షరాలు) తేడా కొడుతోందా?

సమస్య: కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఇంగ్లీష్ ‘ఓ’ మాత్రం ‘హెచ్’ పక్కన పొట్టిగా కనిపిస్తోంది.

కారణం: ‘హెచ్’ కాళ్లు గీత మీద నిండుగా ఆనుతాయి. ‘ఓ’ పైనా కిందా ఒక్కో చుక్క దగ్గరే తాకుతుంది. కంటికి ఆ కాస్త చాలదు.

పరిష్కారం: ‘ఓ’ని గీత దాటించండి. 1000 యూనిట్ల ఎమ్‌లో (ఫాంట్ గీసే చదరం ఎత్తు) పైన 12, కింద 12 యూనిట్లతో మొదలుపెట్టి, ప్రింట్ తీసి గోడకి అంటించి దూరం నుంచి చూడండి. నేను మొదట్లో గ్రిడ్‌ని నమ్మి, దాటించడం తప్పనుకుని ఒక సాయంత్రమంతా ‘ఓ’తో కుస్తీ పట్టాను. స్కేలు ఒప్పుకున్నది కన్ను ఒప్పుకోదు.

సమస్య: అడ్డగీతలు బండగా ఉన్నాయి, గీతలు కలిసే చోట నల్లటి ముద్దలు.

కారణం: నిలువుకీ అడ్డానికీ ఒకే మందం ఇచ్చారు. అలా ఇస్తే అడ్డగీతే లావుగా కనిపిస్తుంది. ఇక చిన్న ‘ఎన్’లో వంపు వచ్చి నిలువుగీతకి తగిలే చోట రెండు మందాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఫాంట్ ఎంత లావైతే ముద్ద అంత పెద్దది.

పరిష్కారం: నిలువు 180 యూనిట్లయితే అడ్డం 160 దగ్గర పెట్టి చూడండి. వంపుని నిలువుగీత దగ్గరికి వచ్చేసరికి సన్నబరచండి. కళ్లు సగం మూసి చూస్తే ఇంకా ఎక్కడ మచ్చ ఉందో తెలిసిపోతుంది. 1927లో పాల్ రెన్నర్ రూపకల్పనలో వచ్చిన ఫ్యూచురా ఫాంట్ కంపాస్‌తో గీసినట్టే ఉంటుంది కానీ, పెద్దది చేసి చూస్తే అందులోనూ ఈ సర్దుబాట్లే.

సమస్య: టైటిల్‌లో ‘ఏ’, ‘వీ’ల మధ్య పెద్ద సందు.

పరిష్కారం: కెర్నింగ్ (ఒక్కో అక్షరాల జత మధ్య సందు సర్దడం) ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఉన్నా సందు కనిపిస్తే ఆ జతని చేత్తోనే దగ్గర చేయండి. మొత్తం ట్రాకింగ్ (అన్ని అక్షరాల మధ్య ఎడం) తగ్గిస్తే మిగతా అక్షరాలు గుద్దుకుంటాయి. 1970 నాటి ఐటీసీ అవాంట్ గార్డ్ గోథిక్ ఫాంట్‌లో ఏటవాలు జంటాక్షరాలు (రెండక్షరాలు కలిపి గీసిన లిగేచర్లు) బోలెడు. దొరికాయి కదా అని ప్రతి మాటలోనూ పెడితే టైటిల్ కుప్పకూలినట్టు ఉంటుంది. ఒకటి చాలు.

సమస్య: అక్షరాల మూలలు ఉబ్బి, లోపలి రంధ్రాలు పూడుకుపోయాయి.

కారణం రెండిట్లో ఒకటి. బోల్డ్ ఫైల్ లేకుండా బోల్డ్ బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ దొంగ బోల్డ్ తయారుచేస్తుంది. లేదా టైటిల్ ఫాంట్‌ని పేరాకి వాడుతున్నారు.

పరిష్కారం: అసలు బోల్డ్ ఫైల్ పెట్టండి. వెబ్‌లో అయితే సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్) ఫాంట్-సింథసిస్‌ని ‘నన్’ చేస్తే మోసం బయటపడుతుంది. పేరాకి వేరే ఫాంట్ వెతుక్కోండి, దీన్ని ఎంత సర్దినా లాభం లేదు.

సమస్య: తెలుగు టైటిల్‌లో ఒత్తులు కింది వరసని తాకుతున్నాయి.

ఇంగ్లీష్‌కి బిగించిన లైన్ ఎత్తే తెలుగుకీ పెట్టారు. ‘స్త్ర’ లాంటి అక్షరం రెండు వరసల్లోనూ వచ్చేలా టైప్ చేసి, అది ఊపిరి పీల్చుకునేంత వరకు పెంచండి.