గోధుమకు ఆర్‌ఎన్‌ఏ స్ప్రే, 4వ పాఠం: బ్యాండ్ ఎందుకు మాయమైంది?

ఆకులపై కొట్టి శిలీంధ్రం జన్యువులను అణచడానికి జంటపోగు (రెండు పోగుల) ఆర్‌ఎన్‌ఏను గత పాఠంలో తయారుచేశాం. అది చేసినవాళ్ళలో చాలామందికి శుద్ధి తర్వాత జెల్ ఖాళీగా, అంటే ఆర్‌ఎన్‌ఏ గీత (బ్యాండ్) లేకుండా వచ్చింది. స్ప్రే కాసేపు ఆగాలి. ముందు ఇది తేలాలి.

తప్పు టెంప్లేట్‌ది, అంటే ఆర్‌ఎన్‌ఏకు అచ్చుగా వాడిన డీఎన్‌ఏది కాదు. మిగిలిపోయిన ఒంటిపోగు ఆర్‌ఎన్‌ఏను తీసేయడానికి వేసిన ఆర్‌ఎన్‌ఏస్-ఎ (ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైము) జంటపోగునూ కోసేసింది. అది ఒంటిపోగునే కోస్తుందన్న మాట ఉప్పు ఉన్నంతవరకే నిజం. సోడియం క్లోరైడ్ 300 మిల్లీమోలార్ ఉంటే జంటపోగు జోలికి పోదు. ఉప్పు తగ్గితే దాన్నీ వదలదు. టీ7 బఫర్‌లోని (ఆర్‌ఎన్‌ఏను తయారుచేసిన ద్రావణంలోని) ఉప్పు చాలదు. 100 మైక్రోలీటర్ల రియాక్షన్‌కు 5 మోలార్ ఉప్పునీరు 6.4 మైక్రోలీటర్లు కలిపి, ఆ తర్వాతే ఎంజైమును మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల చొప్పున వేయండి. 37 డిగ్రీల్లో 15 నిమిషాలు చాలు.

గండం ఇంకా గడవలేదు. బ్యాండ్ వచ్చినవాళ్ళలోనూ కొందరు ఆ ట్యూబునే నేరుగా నీళ్ళలో పలచన చేశారు. పది రెట్లు పలచన చేస్తే ఉప్పు 30కి పడిపోతుంది, ఎంజైము మాత్రం అక్కడే ఉంటుంది. స్ప్రే సీసాలో ఉండగానే సరుకంతా ముక్కలైపోతుంది. మరిగిస్తే చస్తుందనుకోవద్దు, ఆర్‌ఎన్‌ఏస్-ఎ వేడికి లొంగదు. ఫినాల్-క్లోరోఫాంతో రెండుసార్లు, ఉత్త క్లోరోఫాంతో ఒకసారి కడగాలి. పైపొర తీసేటప్పుడు మధ్యలో తెల్లగా కనిపించే పొరకు టిప్ తగలనివ్వకండి. అడుగున కొంత వదిలేయండి, ఆశపడొద్దు. ఉప్పు ఎలాగూ ఉంది కాబట్టి నేరుగా రెండున్నర రెట్లు ఇథనాల్ పోసి అవక్షేపించవచ్చు. నా మట్టుకు ఆర్‌ఎన్‌ఏస్-టీ1 వాడతాను: ఉప్పు తగ్గినా జంటపోగును ముట్టదు. కడగడం మాత్రం తప్పదు.

విశాఖ గాలి తడికి ఫ్రీజర్ నుంచి తీసిన ట్యూబు క్షణాల్లో చెమరుస్తుంది. ఒకసారి స్పిన్ చేసి, పైన తుడిచాకే మూత తీయండి.

ఇక స్ప్రే. మైక్రోలీటరుకు 20 నానోగ్రాములు, అంటే 10 మిల్లీలీటర్లకు 200 మైక్రోగ్రాములు. 2016లో ఫ్యుజేరియం గ్రామినియారం అనే శిలీంధ్రం మీద, బార్లీ ఆకులపై పనిచేసిన మోతాదు ఇదే. గురి ఆ శిలీంధ్రం కణపొరకు కావలసిన మూడు సీవైపీ51 జన్యువులు. ప్రతి శిలీంధ్రమూ ఆర్‌ఎన్‌ఏను పీల్చుకుంటుందని లేదు. గోధుమ ఆకుమచ్చ తెచ్చే జైమోసెప్టోరియా పీల్చుకోదు, దానిమీద కొట్టి లాభం లేదు. మొక్కలను 20–22 డిగ్రీల చాంబర్‌లోనే పెంచండి, మన ఎండకు గోధుమ నిలవదు. కొట్టాక ఆకు పూర్తిగా ఆరనిచ్చి మూత వేయండి, లేకపోతే చుక్కలు కలిసి జారిపోతాయి. పోలికకు ఉత్త నీళ్ళు చాలవు. శిలీంధ్రంలో లేని జీఎఫ్‌పీ జన్యువుకు చెందిన, అదే పొడవున్న జంటపోగును కూడా కొట్టాలి.

అభ్యాసం: ఒకే జంటపోగుతో ఐదు ట్యూబులు. 1: ఉప్పు మాత్రమే; 2: ఉప్పు + ఎంజైము; 3: నీళ్ళు + ఎంజైము; 4: ఉప్పు + ఎంజైముతో చేసి, కడిగి, నీళ్ళలో పలచన చేసినది; 5: అదే కడగకుండా పలచన చేసినది. చివరి రెండింటినీ రాత్రంతా బయట ఉంచి, ఒక్కోదాని నుంచి 400 నానోగ్రాములు జెల్‌లో వేయండి. 1, 2, 4లో బ్యాండ్ ఉండాలి. 3, 5లో ఉండకూడదు. 4లో లేకపోతే కడగడం సరిపోలేదు, మళ్ళీ ఫినాల్ దగ్గరికే వెళ్ళండి.