ఫ్రెంచ్-కెనడియన్ పూర్వీకులను వెతకడం ఎలా?

మీ బంధువర్గంలోకి కెబెక్ (కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే రాష్ట్రం) మూలాలున్న కోడలో అల్లుడో వచ్చి ఉంటే, పిల్లల కోసం ఆ వైపు వంశవృక్షం కట్టడం మీరు అనుకున్నంత కష్టం కాదు. అక్కడి కాథలిక్ చర్చిలు 17వ శతాబ్దం నుంచీ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు రిజిస్టర్లలో రాసి ఉంచాయి. అందువల్ల మామూలు రైతు కుటుంబం ఆచూకీ కూడా 1600ల దాకా దొరుకుతుంది. కాకపోతే ఇంటిపేరు ఒక్కదాన్నే పట్టుకుని వెళ్ళకండి. పెళ్ళి నమోదును పట్టుకోండి.

ముందుగా ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, సంతాప ప్రకటనలు, సమాధి రాళ్ళు చూసి ఒక జంట వివరాలు సంపాదించండి: భర్త పేరు, భార్య పుట్టింటి పేరు, పెళ్ళి జరిగిన ఊరు. చాలా పెళ్ళిళ్ళు వధువు ఊరి చర్చిలోనే జరిగేవి. ‘ట్రాంబ్లే’ అని మాత్రమే వెతికితే ఏమీ తేలదు. కెబెక్‌లో అతి సాధారణమైన ఆ ఇంటిపేరు గలవారిలో దాదాపు అందరూ 1657లో పెళ్ళాడిన పియెర్ ట్రాంబ్లే, ఒజాన్ అషోఁ దంపతుల సంతతే. భార్యాభర్తల పేర్లు కలిపి వెతికితే మీకు కావలసిన జంట బయటపడుతుంది.

ఇక ఆ పెళ్ళి నమోదును ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో గానీ, కెబెక్ చర్చి రిజిస్టర్ల నకళ్ళున్న ‘ద్రువాఁ’ సేకరణలో గానీ చూడండి. వధూవరుల తల్లిదండ్రుల పేర్లు, తల్లుల పుట్టింటి పేర్లతో సహా, అందులో ఉంటాయి. ఆ తల్లిదండ్రుల పెళ్ళి వెతికితే ఇంకో తరం పైకి వెళ్ళినట్టే. పత్రాల్లో స్త్రీ జీవితాంతం పుట్టింటి పేరుతోనే ఉండటం ఇక్కడ గొప్ప మేలు. ఫ్రెంచ్ రాజు ఖర్చుతో 1663–1673 మధ్య ఫ్రాన్స్ నుంచి వచ్చిన సుమారు 800 మంది యువతుల దాకా అమ్మల వరసలో వెళ్ళగలగడానికి కారణం అదే. ఈ వరసను వదిలేయవద్దని నా గట్టి సలహా. పునర్వివాహమైతే తల్లిదండ్రులకు బదులు చనిపోయిన జీవిత భాగస్వామి పేరే రాసి ఉండవచ్చు. అప్పుడు మొదటి పెళ్ళిని వెతకాలి.

చాలామంది ఆగిపోయేది ఒకే మనిషికి రెండు ఇంటిపేర్లున్న చోట. ఇంటిపేరు తర్వాత ‘డీ’ అని పలికే మాట (రాతలో డి-ఐ-టి), దాని వెనుక ఇంకో పేరు కనిపిస్తే అది రెండో ఇంటిపేరు. సైనికుల మారుపేర్లు, పొలం పేర్లు, సొంత ఊరి పేర్లు ఇలా వచ్చి చేరాయి. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన పియెర్ మివిల్ సంతతిలో కొందరు మివిల్‌గా ఉండిపోతే, కొందరు దెషెన్ అయ్యారు. సొంత అన్నదమ్ములే వేరువేరు పేర్లతో కనిపించవచ్చు కాబట్టి రెండింటినీ వెతకండి. 1840–1930 మధ్య సుమారు 9 లక్షల మంది అమెరికాకు వలస వెళ్ళారు. అక్కడ ఫ్రెంచ్ ఇంటిపేరును అర్థాన్ని బట్టి ఇంగ్లీషులోకి మార్చుకుని, బ్వావేర్ నుంచి గ్రీన్‌వుడ్‌గా, రువా నుంచి కింగ్‌గా మారిన కుటుంబాలున్నాయి. లోవెల్, మాంచెస్టర్ వంటి అమెరికా మిల్లు పట్టణాల్లో ఆధారం తెగిపోతే ఇలాంటి అనువాదాన్ని అనుమానించండి.

బాప్తిస్మంలో దాదాపు ప్రతి అబ్బాయికీ ముందు జోసెఫ్, అమ్మాయికీ ‘మరీ’ (మేరీ) అని ఉంటుంది. వాడుక పేరు సాధారణంగా చివరిది. తేదీలో 7 అంకె పక్కన బి-ఆర్-ఇ అక్షరాలుంటే అది జులై కాదు, సెప్టెంబరు. 8 ఉంటే అక్టోబరు.

వధూవరులు దగ్గరి బంధువులైతే, ఆ పెళ్ళికి చర్చి ఇచ్చిన ప్రత్యేక అనుమతి (మినహాయింపు) కూడా రాసి ఉంటుంది. ‘మూడో అంతరం’ అంటే ఇద్దరికీ ముత్తాత ముత్తవ్వలు ఒక్కరేనన్నమాట. ఒక వైపు ఆధారం తెగినా రెండో వైపు నుంచి దాన్ని పూరించుకోవచ్చు.

చివరికి వలస వచ్చిన తొలి వ్యక్తి దగ్గరకు చేరతారు. ఆయన పెళ్ళి నమోదులో ఫ్రాన్స్‌లోని సొంత ఊరు, డయోసీస్ (ఒక బిషప్ పరిధిలోని ప్రాంతం) ఉంటే జాగ్రత్తగా రాసుకోండి. అక్కడి జిల్లా ఆర్కైవ్‌ల రిజిస్టర్లను ఆన్‌లైన్‌లో ఊరి పేరుతోనే తెరవాలి. చాలాచోట్ల వ్యక్తుల పేర్లతో సూచిక ఉండదు.