నింపొచ్చు, మార్చలేరు: అలాంటి పీడీఎఫ్ ఫారం తయారు చేయడం ఎలా?

నింపి పంపమని ఎవరికైనా ఫారం ఇచ్చేటప్పుడు వర్డ్ ఫైల్ ఇవ్వకండి. తిరుపతిలో జూన్ వస్తే చాలు, హాస్టళ్లూ కోచింగ్ సెంటర్లూ వర్డ్ ఫైలే పంపుతాయి. మా డీటీపీ షాపుకు వచ్చేవాళ్లకు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఒక హాస్టల్ ఫారంలో "అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు" అని ఉండాల్సిన చోట, నింపి తిరిగొచ్చిన కాపీలో "ఇవ్వబడును" అని ఉంది. ఫాంటు అదే, సైజు అదే. మారింది చివరి రెండక్షరాలే. హాస్టల్ ఆయన చూసుకోకుండా దాని మీద సంతకం పెట్టి స్టాంపు కూడా వేసేశాడు. పిల్లోడు గది ఖాళీ చేసిన రోజు బయటపడింది సంగతి.

ఇక్కడ రెండు వేర్వేరు పనులున్నాయి. మీరు రాసిన షరతులు, రేట్లు ఎవరూ ముట్టుకోకుండా ఖాళీలు మాత్రం నింపేలా చేయడం ఒకటి. నింపేశాక ఆ జవాబులు కూడా కదలకుండా చేయడం ఇంకొకటి. ఒక పాస్‌వర్డ్ కొడితే రెండూ అయిపోతాయని అందరి నమ్మకం. అవవు.

కావలసినవి

కంప్యూటర్, అందులో లిబ్రే ఆఫీస్ అనే సాఫ్ట్‌వేర్. డబ్బులు కట్టక్కర్లేదు. ఫోన్‌లో చేస్తామంటే మాత్రం నేను ఒప్పుకోను.

గూగుల్ ఫారం చాలదా అంటారు. పేర్లూ నంబర్లూ పోగేసుకోవడానికైతే చాలు. పంపేసిన జవాబును మళ్లీ మార్చుకునే వీలు సెట్టింగ్స్‌లో ఆపేసి ఉందో లేదో చూసుకోండి, సరిపోతుంది. కానీ మన ఆఫీసుల్లో కాగితం కావాలి, దాని మీద సంతకం, స్టాంపు కావాలి. అందుకే పీడీఎఫ్.

వర్డ్‌లోనే మార్పులను ఆపే రిస్ట్రిక్ట్ ఎడిటింగ్ పెట్టి "ఫిల్లింగ్ ఇన్ ఫారమ్స్" ఎంచుకుంటే అయిపోదా అని ఇంకొందరు. ఆ ఫైల్లో ఉన్నదంతా ఇంకో కొత్త ఫైల్లోకి ఇన్‌సర్ట్ చేసుకుంటే తాళం లేని కాపీ చేతికొస్తుంది. ఇక దాని గురించి మాట్లాడను.

మొదటి అంచె: మ్యాటర్

లిబ్రే ఆఫీస్‌లో వర్డ్ లాంటిది రైటర్. అందులో ఫారం టైప్ చేయండి. తెలుగు యూనికోడ్‌లోనే ఉండాలి. గౌతమి, మండలి, నోటో సాన్స్ తెలుగు, ఏదైనా సరే. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైల్ తెచ్చి అంటించకండి. చూడ్డానికి బాగానే ఉంటుంది, రేపు అందులో ఒక మాట వెతికినా, కాపీ చేసినా పిచ్చి అక్షరాలొస్తాయి.

రెండో అంచె: ఖాళీలు

వ్యూ మెనూలో టూల్‌బార్స్, అందులో ఫారం కంట్రోల్స్. డిజైన్ మోడ్ ఆన్ చేసి, పేరు దగ్గర టెక్స్ట్ బాక్స్, అవును కాదులకు చెక్ బాక్స్, కోర్సు పేర్లకు లిస్ట్ బాక్స్ గీయండి. నాలుగైదు జవాబుల్లో ఒకటి మాత్రమే రావాలంటే ఎప్పుడూ లిస్ట్ బాక్సే. రాసుకోమని వదిలేస్తే ఒకే కోర్సును పది రకాలుగా రాస్తారు.

ప్రతి బాక్సుకూ ప్రాపర్టీస్‌లో ఇంగ్లీషు పేరు పెట్టండి. ఫోన్ నంబరు బాక్సుకు గరిష్ఠ పొడవు 10 అని ఇవ్వండి. ఆఫీసు కాపీ, విద్యార్థి కాపీ ఒకే పేజీలో ఉంటే రెండు చోట్లా బాక్సుకు ఒకే పేరు ఇవ్వండి. మూడో అంచెలో పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు "అలౌ డూప్లికేట్ ఫీల్డ్ నేమ్స్" టిక్ పెడితే, పైన రాసింది కిందా పడుతుంది.

మూడో అంచె: తాళం వేయడం

అందరూ బోర్లా పడేది ఇక్కడే. నిదానంగా చదవండి.

ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్ తెరవండి. జనరల్ ట్యాబ్‌లో "క్రియేట్ పీడీఎఫ్ ఫారం" టిక్ ఉండాలి. అది లేకపోతే మీరు గీసిన బాక్సులు బొమ్మల్లా పడి ఉంటాయి, నింపడానికి రావు. అదే ట్యాబ్‌లో పీడీఎఫ్ ఏ అనే ఆర్కైవ్ రకం టిక్ ఉంటే తీసేయండి. అది ఉన్నంతసేపూ పాస్‌వర్డ్ పెట్టనివ్వదు.

ఇప్పుడు సెక్యూరిటీ ట్యాబ్, సెట్ పాస్‌వర్డ్స్. రెండు జతల గళ్లు కనిపిస్తాయి, ఒక్కో జతలో పాస్‌వర్డ్ ఒకసారి, ఖరారుకు మళ్లీ ఒకసారి కొట్టాలి. మొదటిది ఫైలు తెరవడానికి, రెండోది అనుమతులు మార్చడానికి. మొదటిది ఖాళీగా వదిలేయండి. నూటికి తొంభై మంది ఇక్కడే కొట్టేసి ఓకే అంటారు. ఆ సాయంత్రం నుంచి "అన్నా, ఫారం ఓపెన్ కాలేదన్నా, పాస్‌వర్డ్ అడగతా ఉంది" అని ఫోన్లు. ఇక పాస్‌వర్డ్ గ్రూపులో పెట్టక తప్పదు. పెట్టాక అది తాళమే కాదు. మీ పాస్‌వర్డ్ పడాల్సింది రెండో జతలో.

రెండో జత నింపాకే కింద ప్రింటింగ్, ఛేంజెస్ అనే భాగాలు పనిలోకి వస్తాయి. ఛేంజెస్‌లో "ఫిల్లింగ్ ఇన్ ఫారం ఫీల్డ్స్" ఒక్కటే ఎంచుకోండి. "నాట్ పర్మిటెడ్" అని ఉంటుంది, గట్టి తాళంలా కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుంటే ఖాళీలు నింపడం కూడా ఆగిపోతుంది. "కామెంటింగ్" కలిసి ఉన్న వరుస కూడా వద్దు. చిత్తూరు వైపు ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు రైతులకు ఫారం పంపారనుకోండి. కామెంట్‌కు అనుమతి ఉంటే తోతాపురి టన్ను రేటు మీద తెల్ల పెట్టె అతికించి, దాని మీద కొత్త రేటు రాసేయొచ్చు. అసలు రేటు అడుగున అలాగే ఉంటుంది. ప్రింటు తీస్తే ఎవరికి తెలుస్తుంది?

ప్రింటింగ్ మాత్రం ఆపకండి. ఆపితే నాలుగో అంచె జరగదు.

ఇంకో మాట. ఈ తాళం వేసినా ఫైల్ ఎవరైనా తెరవగలరు కదా, మొదటి జత ఖాళీగా వదిలాం కాబట్టి. తెరిచాక "ఇది మార్చకూడదు" అనే షరతును పాటించాల్సింది ఆ సాఫ్ట్‌వేరే. మర్యాద గల సాఫ్ట్‌వేర్ పాటిస్తుంది. పాటించనివీ ఉన్నాయి, ఈ తాళం ఊడగొట్టే వెబ్‌సైట్లూ ఉన్నాయి. అందుకని తిరిగొచ్చిన ప్రతి ఫారంలో షరతుల పేరాను మీ అసలు కాపీతో పోల్చి చూడండి.

డబ్బు విషయమో అగ్రిమెంటో అయితే దీనితో ఆగకండి, డిజిటల్ సంతకం పెట్టించండి. ఐటీ చట్టం 2000 కింద దానికి విలువ ఉంది, అది పెట్టడానికి వాడే, పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ టోకెన్ ఆడిటర్ల దగ్గర ఉంటుంది. అక్రోబాట్ అనే పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ సంతకంతో ఫైల్‌ను సర్టిఫై చేసేటప్పుడు ఫారం నింపడానికి మాత్రమే అనుమతి అని ఎంచుకోవచ్చు. ఆ తర్వాత ఎవరైనా షరతులు గెలికితే సంతకం చెల్లలేదని అక్రోబాట్ రీడర్ పైనే చూపిస్తుంది. గెలకడాన్ని ఆపదు, పట్టిస్తుంది. నాకైతే అదే ముఖ్యం.

పంపే ముందు ఒకసారి క్రోమ్‌లో, ఒకసారి ఫోన్‌లో అక్రోబాట్ రీడర్‌లో తెరిచి మీరే నింపి చూడండి. తెలుగులో కూడా కొట్టి చూడండి. కొన్ని యాప్‌లలో బాక్సు లోపల ఒత్తులు విడిపోయి "వెంకటేశ్వర్లు" కాస్తా ముక్కలు ముక్కలుగా పడుతుంది. అలాంటి చోట నేను మొహమాటపడకుండా "పేరు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో" అని ఫారం మీదే రాసేస్తా.

నాలుగో అంచె: జవాబులు గట్టిపరచడం

నింపి తిరిగొచ్చిన ఫైల్లో బాక్సులు ఇంకా బాక్సులే. మీ దగ్గర కూర్చున్న గుమస్తా కూడా మార్కులు 62ను 82 చేసేయగలడు. అందుకే రాగానే క్రోమ్‌లో తెరిచి, కంట్రోల్ పీ కొట్టి, ప్రింటర్ పేరు దగ్గర "సేవ్ యాజ్ పీడీఎఫ్" ఎంచుకుని కొత్త పేరుతో దాచండి. ఈ కొత్త ఫైల్లో బాక్సులుండవు, రాసిందంతా కాగితం మీది అచ్చులా అతుక్కుపోతుంది. ఇంతకుముందు డిజిటల్ సంతకం పెట్టిన ఫైలైతే ఈ కొత్త కాపీలో సంతకం మిగలదు, కాబట్టి వచ్చిన ఫైల్ చెరపకండి. రెండూ ఒకే ఫోల్డర్లో ఉంచి, గట్టిపరిచిన కాపీనే అవతలివాళ్లకు తిరిగి మెయిల్ చేసి "ఇదే మీరు నింపింది" అని ఒక లైను రాయండి.

రైటర్‌లో చేసిన అసలు ఫైల్ మాత్రం ఎవరికీ పంపకండి. వచ్చే ఏడు ఫీజు మార్చాల్సి వస్తే పీడీఎఫ్ పనికిరాదు, ఆ ఫైలే కావాలి.