జెడ్-పించ్ షాట్‌లో ఎక్స్‌రే తక్కువొచ్చిందా? తీగల్ని తిట్టకముందు కరెంట్ చూడండి

అమెరికాలోని శాండియా ల్యాబ్‌లో ఉన్న జెడ్ మెషీన్ లాంటి వాటిలో జరిగే జెడ్-పించ్ అంటే ఇది: సన్నటి టంగ్‌స్టన్ తీగల పంజరంలోకి 2 కోట్ల ఆంపియర్లకి పైగా కరెంట్ సుమారు 100 నానోసెకన్లలో ఎక్కుతుంది, తీగలు ప్లాస్మా అయిపోతాయి, ఆ కరెంట్ పుట్టించిన అయస్కాంత బలమే దాన్ని మధ్యకి నొక్కేస్తే అక్కడ ఢీకొని ఎక్స్‌రేలు కక్కుతుంది, ఫ్యూజన్ క్యాప్సూల్‌ని (ఇంధన గుళికని) వేడెక్కించి చూసేది వాటితోనే. షాట్ (అంటే ఒకసారి పేల్చడం) అయ్యాక లోడ్, అంటే ఆ తీగల పంజరం, తుక్కే, తర్వాత చూసుకోడానికి మిగిలేవి ట్రేస్‌లే, అంటే పరికరాలు గీసిన సిగ్నల్ గ్రాఫ్‌లే.

సమస్య: ఎనర్జీ మొత్తమే తక్కువ

అందరూ ముందు తీగల మీద పడతారు, నేనైతే బీ-డాట్ ప్రోబ్‌లు (అయస్కాంత క్షేత్రం మారే వేగాన్ని బట్టి కరెంట్ కొలిచే చిన్న తీగచుట్టలు) ఏం చెప్పాయో తీస్తా. స్టాక్ (కరెంట్ వాక్యూమ్‌లోకి అడుగుపెట్టే చోటుండే ఇన్సులేటర్) దగ్గరి కరెంట్, లోడ్ దగ్గరి కరెంట్ పక్కపక్కన పెట్టండి. స్టాక్ దగ్గరే తక్కువుంటే కరెంట్ పంపే 36 మాడ్యూళ్లలో ఏదో స్విచ్ టైమింగ్ తప్పుంటుంది, అది సరిచేసుకుంటే చాలు. స్టాక్‌లో బాగుండి లోడ్‌లో తగ్గితే మాత్రం కన్వల్యూట్‌లో (వేర్వేరు లైన్ల కరెంట్లు లోడ్‌కి ముందు ఒకటయ్యే చోట) లీకే, ఎలక్ట్రోడ్లకి పట్టిన తేమా జిడ్డూ వేడికి లేచి ప్లాస్మా అయ్యి గ్యాప్ మూసేస్తాయి. ఎనర్జీ ఇంచుమించు కరెంట్ స్క్వేర్‌ని బట్టి ఉంటుంది కాబట్టి 10 శాతం కరెంట్ పోతే దగ్గరదగ్గర 19 శాతం ఎనర్జీ పోయినట్టే. ఎలక్ట్రోడ్లు బాగా క్లీన్ చేయండి, వాక్యూమ్ మెరుగుపరచండి, లోడ్ ఇండక్టెన్స్ (కరెంట్ మార్పుని అడ్డుకునే గుణం) తగ్గించండి. అయితే లోడ్ దగ్గరి ప్రోబ్ మధ్యలోనే చచ్చిపోయి అబద్ధం చెప్తుంది ఒక్కోసారి, అందుకే ఎక్స్‌రే పీక్ టైమ్ కూడా చూడండి, నిజంగా కరెంట్ తగ్గితే పీక్ లేటవ్వాలి.

సమస్య: ఎనర్జీ ఓకే, పల్స్ మాత్రం వెడల్పు

ఇది రేలీ-టేలర్ అస్థిరత (నొక్కేటప్పుడు అంచులోని చిన్న ముడతలు పెద్దవైపోవడం), ప్లాస్మా వంకరటింకరగా లోపలికొస్తే అంతా ఒకేసారి ఢీకొనదు. తీగల సంఖ్య పెంచండి లేదా ఒక పంజరంలో ఇంకోటి పెట్టండి, 1990ల్లో శాండియా వాళ్లకి పవర్ ఒక్కసారిగా పెరిగింది తీగలు పెంచినందుకే. తెగిన తీగ ఉందేమో షాట్‌కి ముందే చూస్కోండి.

సమస్య: డయోడ్ ఒకటి చెప్తే బొలోమీటర్ ఇంకోటి

రెండూ ఎక్స్‌రేలు కొలిచేవే: బొలోమీటర్ ఎక్స్‌రేలకి తను వేడెక్కినదాన్ని బట్టి, డయోడ్ ఎక్స్‌రేలు తగిలి ఊడొచ్చే ఎలక్ట్రాన్లని బట్టి. ఎనర్జీ విషయంలో నేను బొలోమీటర్‌నే నమ్ముతా, డయోడ్‌ని పల్స్ ఆకారం కోసం వాడతా. డయోడ్ ఫోటోక్యాథోడ్ (ఎలక్ట్రాన్లు ఊడొచ్చే ఉపరితలం) మురికి పట్టి ఉండొచ్చు, ఫిల్టర్‌కి చిన్న చిల్లు పడి ఉండొచ్చు. పీక్‌కి ముందే ఏదో బంప్ కనిపిస్తే దారి తప్పిన ఎలక్ట్రాన్లు లోహానికి కొట్టుకుని పుట్టించిన గట్టి ఎక్స్‌రేలేమో అనుమానించండి, ఒక డయోడ్‌ని మందపాటి లోహంతో మూసేసి పెట్టండి, దాంట్లోనూ ఆ బంప్ వస్తే అది మీ పించ్‌ది కాదు, షీల్డింగ్ పెంచండి.