కాలవ నీళ్లు తాగే ఊరికి తక్కువ ఖర్చులో ఇసుక ఫిల్టర్

గోదావరి డెల్టాలో ఇప్పుడు ఊరికి మంచినీళ్ల ప్లాంట్ అనగానే అందరూ ఆర్వో అంటున్నారు, కానీ డబ్బులు పోగేసే ముందు, కాలవ నీళ్లతో నింపుకునే ఊరి చెరువు నీళ్లు ల్యాబ్‌లో టెస్ట్ చేయించండి. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాలు, లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు, ఫ్లోరైడ్ 1 లోపు ఉంటే ఆర్వో అక్కర్లేదు, కాలవ నీళ్లలో ముఖ్యంగా ఉండేది బురద, క్రిములు, వాటికి స్లో సాండ్ ఫిల్టర్, అంటే ఇసుకలోంచి నీళ్లు మెల్లగా దిగే ఫిల్టర్ చాలు. ఉప్పు నీళ్లయితే మాత్రం ఇసుక ఏమీ చేయలేదు, రొయ్యల చెరువుల నీళ్లు కలిసే చోటయితే ముందు ఆ కలవడం ఆపాలి.

లెక్క చూద్దాం. 2000 మంది జనాభా, మనిషికి రోజుకి 55 లీటర్లు, అంటే 1,10,000 లీటర్లు. ఎండాకాలం కాలవలు కట్టేస్తారు కదా, 60 రోజులకి 66 లక్షల లీటర్లు నిల్వ ఉండాలి. ఎకరం చెరువు రెండున్నర మీటర్ల లోతుంటే కోటి లీటర్లు పడతాయి, ఎండకి ఆవిరయ్యేది, అడుగున మిగిలేది పోను సరిపోతుంది.

ఫిల్టర్‌లో నీళ్లు గంటకి 10 సెంటీమీటర్ల చొప్పున మాత్రమే దిగాలి, ఆ లెక్కన 46 చదరపు మీటర్లు కావాలి. ఒకటే కట్టకండి, 23 చొప్పున రెండు కట్టండి, ఒకటి క్లీన్ చేస్తున్నప్పుడు రెండోది ఆ కొన్నాళ్లు డబుల్ స్పీడ్‌లో లాగేస్తుంది. అడుగున గులకరాళ్లు, పైన మీటరు మందం సన్న ఇసుక, ఆ పైన మీటరు నీళ్లు. ఇసుక బాగా కడిగి, జల్లించి వేయాలి, ఇక్కడ కక్కుర్తి పడితే తర్వాత అంతా బాధే.

అసలు పని చేసేది ఇసుక కాదండీ, రెండు మూడు వారాలకి దాని మీద ఏర్పడే జిగురు పొర, క్రిముల్ని పట్టి తినేసేది అదే. మా ఊళ్లో దాన్ని పాకుడు అనుకుని వారం వారం గీకేసేవాళ్లు, పైగా రాత్రిళ్లు వాల్వ్ కట్టేసేవాళ్లు, నీళ్లు కదలకపోతే ఆక్సిజన్ అందక ఆ పొర చచ్చిపోతుంది, అలా ఎన్నాళ్లు చెడ్డ నీళ్లు తాగామో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే 24 గంటలూ నీళ్లు పారుతూనే ఉండాలి, నీళ్లు దిగడం బాగా తగ్గిపోయినప్పుడు మాత్రమే పైన ఒకటి రెండు సెంటీమీటర్లు తీయండి. తీశాక మళ్లీ పొర కట్టేదాకా ఆ నీళ్లు ట్యాంకులోకి వదలొద్దు.

చివర్లో బ్లీచింగ్ తప్పనిసరి. తాజా పౌడర్ అయితే రోజుకి సుమారు అరకిలోతో మొదలుపెట్టి, ఊరి చివరి కుళాయి దగ్గర టెస్ట్ చేసి సరిచేసుకోండి, అక్కడ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. బస్తా మూతి విప్పి ఎండలో వదిలేస్తే పవర్ పోతుంది, అందుకని చిన్న ప్యాకింగ్‌లే కొనండి.