వేసవి నాటకోత్సవాలకు సీజన్ పాస్ తీసుకున్నారా? విజయనగరంలో ఇలా చూడండి

ఉగాది దాటిన దగ్గర్నుంచి మన కోస్తాలో నాటక పోటీల సీజన్. నాటక పరిషత్తులు నడిపే ఈ పోటీలకు చాలాచోట్ల టికెట్ ఉండదు, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. దాతలకు, సభ్యులకు మాత్రం అన్ని రోజులకూ చెల్లేలా ఒక పాస్ ఇస్తారు. కొన్ని సంస్థలు మామూలు ప్రేక్షకులకు కూడా సీజన్ పాస్ అమ్ముతాయి. పాస్ చేతికొచ్చింది కదా అని రోజూ మూడేసి నాటికల చొప్పున వరసపెట్టి చూస్తే, నాలుగో రోజుకి ఏ నాటికలో ఎవరు ఏడ్చారో కూడా గుర్తుండదు. డబ్బు గిట్టుబాటు కావాలన్న లెక్క పక్కనపెట్టి, ఏవి చూడాలో ముందే తేల్చుకోండి.

ముందు పాస్ చదవండి

వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్నది కూడా. ఒక్కరికా, ఇద్దరికా? మీరు రాలేని రోజు ఇంకొకరు వాడుకోవచ్చా? సీటు నంబర్ ఉందా, లేక ముందొచ్చినవాళ్లదేనా? నంబర్ ఉన్నా ఎన్ని గంటల దాకా ఖాళీగా ఉంచుతారు? ఇవి రాసి లేకపోతే నిర్వాహకులకు ఫోన్ చేసి కనుక్కోండి. ఎందుకంటే పాస్ ఉంటే లోపలికి రానిస్తారు గానీ, సీటు కూడా ఉంటుందని అన్నిచోట్లా గ్యారంటీ లేదు.

తర్వాత కార్డు ముందేసుకుని కూర్చోండి

ఆహ్వానపత్రికలో ఏ రోజు ఏ నాటక సమాజం ఏది ఆడుతుందో, రచయిత ఎవరో, దర్శకుడు ఎవరో ఉంటుంది. పేరు చూసి ఎంచుకోవద్దు, ఈమధ్య సగం నాటికల పేర్లు ఒకేలా ఉంటున్నాయి. రచయితను, దర్శకుణ్ణి చూడండి. వాళ్లెవరో తెలియకపోతే నాటకాలు తిరిగే మనిషి మీ వీధిలోనే ఒకరుంటారు, అడగండి.

నాటికా, నాటకమా, పద్యనాటకమా అన్నది కూడా చూసుకోవాలి. నాటిక సుమారు గంట. నాటకం రెండు గంటలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. పద్యనాటకానికి వెళ్తే మాత్రం మర్నాడు పొద్దున్నే పనులు పెట్టుకోకండి.

టైము లెక్క ఇలా వేసుకోండి. కార్డులో సాయంత్రం ఆరున్నర అని ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి ప్రసంగం, శాలువాలు, జ్ఞాపికలు అయి, నాటిక మొదలుకు మూడో బెల్లు కొట్టేసరికి ఏడున్నర. నాటిక ఒక గంట. సెట్ మార్చడానికి ఇరవై నిమిషాలు, అరగంట కూడా పట్టొచ్చు. మూడు నాటికలున్న రోజు బయటపడేసరికి పదకొండున్నర కావొచ్చు. సన్మానాలు తప్పించుకుందామని ఆలస్యంగా వెళ్లే తెలివైనవాళ్లు ఉన్నారు, కానీ మంచి సీట్లు వాళ్ల కోసం ఆగవు.

'కన్యాశుల్కం' కార్డులో ఉంటే దాన్ని వదలకండి. 1892లో ఆ నాటకం మొదటిసారి ఆడింది ఈ ఊళ్లోనే. మనం ఇప్పుడు చదువుకునే పుస్తకం 1909 నాటి పెద్ద ప్రతి. అదంతా ఆడాలంటే ఒక పూట చాలదు కాబట్టి కుదించే ఆడతారు. ఏం తీసేశారో, ఏం ఉంచారో తెలియాలంటే వెళ్లేముందు పుస్తకం ఒకసారి తిరగెయ్యండి. ఇంకో జాగ్రత్త: గిరీశం నోరు తెరిచేలోపే డైలాగు చెప్పేసే పెద్దలు ఇక్కడి హాళ్లలో ఉంటారు. రెండోసారి చూసేవాళ్లకు వాళ్ల పక్కన సరదాగానే ఉంటుంది. మొదటిసారైతే రెండు వరసలు దూరంగా కూర్చోండి.

తిరుగు ప్రయాణం ముందే చూసుకోండి

నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి వైపు వెళ్లేవాళ్లు, ఎస్.కోట వైపు వెళ్లేవాళ్లు ఆఖరి బస్సు టైము ఆర్టీసీ కాంప్లెక్స్‌లో అడిగి, దాన్నిబట్టి ఎన్ని నాటికలు చూడాలో అనుకోండి. శ్రీకాకుళం నుంచి రైల్లో వస్తే, మీ స్టేషన్ ఆమదాలవలసలో ఉంది, అర్ధరాత్రి దిగాక అక్కడి నుంచి ఊళ్లోకి వెళ్లడం ఇంకో పని. చివరి అంకంలో వాచీ చూసుకుంటూ టెన్షన్ పడేకంటే, ఆ రాత్రికి విజయనగరంలో చుట్టాలింట్లో ఉండిపోవడం నయం.

సీటు ఎక్కడ?

మొదటి రెండు వరసలు అతిథులవి, దాతలవి. మధ్యలో ఎక్కడో న్యాయనిర్ణేతలుంటారు. ముందు చిన్న బల్ల, మార్కుల కాగితాలు, కాగితం మీద మాత్రమే పడేలా ఒంచిన చిన్న లైటు, అదే గుర్తు. వాళ్ల ముందు కూర్చుంటే "మాస్టారూ, మీరు కొంచెం పక్కకి రండి" అని కార్యకర్త వచ్చి లేపుతాడు. వాళ్ల వెనక వరసలో కూర్చోండి. వాళ్ల కుర్చీలు బాగా కనిపించే చోటే చూసుకుని వేస్తారు కాబట్టి మీకూ బాగానే కనిపిస్తుంది.

వేసవి కదా, అందరూ ఫ్యాన్ పక్కకే పరిగెడతారు. గోడవార పెట్టే పెద్ద ఫ్యాన్ పక్కన కూర్చుంటే గాలి వస్తుంది గానీ, నటి గొంతు తగ్గించి చెప్పే మాట ఒక్కటీ వినపడదు. సాంఘిక నాటికలో ప్రాణమంతా ఆ మాటల్లోనే ఉంటుంది. చెమట పట్టినా మధ్య సీటే మేలు, ఒక చేతిగుడ్డ ఎక్కువ తెచ్చుకోండి.

సాయంత్రం అయిదున్నరకే ఏదో ఒకటి తేలిగ్గా తినేసి బయల్దేరండి. నీళ్ల సీసా తప్పనిసరి. మే నెలలో గాలివాన ఎప్పుడొస్తుందో చెప్పలేం, గొడుగు కూడా పెట్టుకోండి. కరెంటు పోతే కంగారుపడి లేవకండి, జనరేటర్ అందుకునేలోపు సీటు పోతుంది.

హాల్లో

ఫోన్ సైలెంట్‌లో పెడితే చాలదు, జేబులోనే ఉంచండి. చీకట్లో వెలిగే ఫోన్ తెర, వెనకున్న నాలుగు వరసలకూ కనిపిస్తుంది. ఆలస్యమైతే తలుపు దగ్గరే ఆగి, రంగం మారేటప్పుడు లైట్లు ఆర్పినప్పుడు వెళ్లి కూర్చోండి. పద్యనాటకంలో రాగం బాగుంటే "వన్స్ మోర్" అనొచ్చు, అక్కడ అది మర్యాదే. సాంఘిక నాటికలో మాత్రం తెర పడే దాకా ఆగి చప్పట్లు కొట్టండి.

ప్రతి నాటికకూ కార్డు మీదే మీ మార్కులు వేసుకోండి: రచన, నటన, దర్శకత్వం, రంగాలంకరణ, సంగీతం. మనం మనల్ని ఏడిపించిన నటుడికి మార్కులు వేసేస్తాం, జడ్జీలు లైటింగు, ఆహార్యం (వేషం, మేకప్) కూడా చూస్తారు. అందుకే ఫలితాలు తేడాగా వస్తాయి, ఆ తగువు టీ కొట్టు దగ్గర తేల్చుకోవచ్చు. నచ్చిన నటుణ్ణి కలవాలంటే తెర పడిన పది నిమిషాలకు వేదిక వెనక్కి వెళ్లండి. రంగు కడుక్కుంటూనే మాట్లాడతారు. బాగుందని ఊరికే అనకుండా, ఏ సీను ఎందుకు నచ్చిందో చెబితే మాట కలుస్తుంది.

ఆఖరి రోజు బహుమతులు చివర్లో ఇస్తారు, దానికి ముందు ప్రసంగాలు చాలానే ఉంటాయి. అంతసేపు ఉండలేకపోతే నిశ్చింతగా ఇంటికెళ్లిపోండి. ఫలితాలు పేపర్లో జిల్లా పేజీల్లో వస్తాయి.