పాత ఫొటోలో లారీ ఎక్కడిది? మూడో పాఠం: క్యాబిన్ వదిలేసి మూతి చూడండి

గత పాఠంలో స్టూడియో ముద్ర, కాగితం అంచు చూసి ఫొటో వయసు అంచనా కట్టాం. ఇప్పుడు ఫొటోలోని లారీ దగ్గరికి వద్దాం. అనంతపురం శనక్కాయల మిల్లు ముందో, ఆదోని పత్తి మండీలోనో, కర్నూలు కొండారెడ్డి బురుజు పక్కనో నిలబెట్టి తీయించిన లారీ ఫొటో మీ ఇంట్లో ఉంటే తెచ్చుకోండి. భూతద్దం ఉంటే ఇంకా మంచిది.

కొత్తవాళ్లు ఎక్కువగా క్యాబిన్ దగ్గరే బోల్తా పడతారు. అప్పట్లో చాలా లారీలు కంపెనీ నుంచి ఛాసిస్ (కింది ఇనుప చట్రం), ఇంజను, ముందు బానెట్‌తోనే వచ్చేవి. ఓనరు వాటిని షెడ్డుకు తోలి బాడీ కట్టించుకునేవాడు. క్యాబినూ తొట్టీ మన వడ్రంగుల పనే. కాబట్టి వేర్వేరు కంపెనీల లారీలు కూడా ఒకే షెడ్డులో తయారైతే అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. కంపెనీ ఏదో చెప్పేది బానెట్, రేడియేటర్ ముందున్న జాలీ, దాని మీది గుర్తు. ముందు వీటినే చూడండి.

జాలీ మీద గుండ్రటి చట్రంలో మూడు కోణాల నక్షత్రం ఉంటే అది మనవాళ్లు టాటా బెంజి అనే లారీ కావచ్చు. జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి టాటావాళ్లు 1954లో జంషెడ్‌పూర్‌లో ఈ లారీల తయారీ మొదలుపెట్టారు. 1969లో ఒప్పందం ముగిశాక నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చింది. డాడ్జి, ఫార్గో, డిసోటో పేర్లు చూసి మూడు కంపెనీలనుకోకండి. మూడూ అమెరికా క్రైస్లర్‌వాళ్ల పేర్లే. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఇదే లారీని వేర్వేరు పేర్లతో అమ్మింది. పేరు చదవగలిగితే సగం పని అయిపోయినట్టే. బెడ్‌ఫర్డ్ ఇంగ్లండుది, 1931లో మొదలైంది. తొలి బెడ్‌ఫర్డ్‌కూ అప్పటి షెవర్లేకూ పోలికలు ఎక్కువ, అక్కడ తొందరపడి తీర్పు చెప్పొద్దు. అశోక్ లేలాండ్ అనే పేరు 1955 నుంచే ఉంది. అంతకుముందు మద్రాసులోని ఆ సంస్థ పేరు అశోక్ మోటార్స్.

ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. లారీని బట్టి ఫొటో ఏ ఏడుకు ముందుది కాదో చెప్పగలం గానీ, ఏ ఏడుదో చెప్పలేం. మన దగ్గర లారీని ఇరవై, ముప్పై ఏళ్లు తోలడం మామూలే.

స్టీరింగు ఎడమవైపు ఉంటే? రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం తెచ్చిన లారీలకు స్టీరింగు ఎడమవైపే ఉండేది. యుద్ధం అయ్యాక వేలంలో అమ్మిన మిలిటరీ లారీలు సరుకు బళ్లుగా, బస్సులుగా కూడా మారాయి. అయితే అక్కడికి వెళ్లేముందు ఫొటో తిరగేసి ముద్రించారేమో చూడండి. బోర్డు మీది అక్షరాలు తలకిందులు కాకుండా ఎడమ కుడైతే దొరికిపోతుంది. అక్షరాలు లేకపోతే పక్కన నిలబడ్డ క్లీనరు చొక్కా చూడండి, జేబు మామూలుగా ఎడమవైపు ఉంటుంది.

ఇక రాతలు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. క్యాబిన్ నెత్తిన 'పబ్లిక్ క్యారియర్' అని ఉంటే అది కిరాయి లారీ. 'ప్రైవేట్ క్యారియర్' అని ఉంటే మిల్లో కంపెనీయో తన సరుకు తానే చేరవేసుకునే బండి. ఈ విభజన 1939 మోటారు వాహనాల చట్టంలోది. 1988 చట్టం దాన్ని తీసేసింది. తలుపు మీది అడ్రసులో ఆరంకెల పిన్ కోడు ఉందా? ఉంటే ఆ రాత 1972 ఆగస్టు 15 తర్వాతది. ట్యాంకరు మీద బర్మా షెల్ అని ఉంటే ఆ పేరు 1928లో వచ్చింది, 1976లో కంపెనీ జాతీయమైంది.

నంబరు ప్లేటు బండి ఎక్కడ రిజిస్టరైందో చెబుతుంది, ఎక్కడ తయారైందో కాదు. 1953 అక్టోబరు 1 దాకా మన రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోవి. పక్కనున్న బళ్లారి అప్పుడే మైసూరు రాష్ట్రానికి (ఇప్పటి కర్ణాటక) వెళ్లింది. అందుకే అనంతపురం ఫొటోలో ఎం.వై.తో మొదలయ్యే మైసూరు నంబరు కనిపిస్తే ఆశ్చర్యమేం లేదు. ఏపీ 02 అనంతపురం, 04 కడప, 21 కర్నూలు అనే అంకెలు 1989లో వచ్చాయి. అవి కనిపిస్తే ఫొటో అంతకుముందుది కాదు.

ఇప్పుడు ఒక ఫొటో ఊహించుకోండి. జాలీ మీద నక్షత్రం, నెత్తిన ప్రైవేట్ క్యారియర్, తలుపు మీద నూనె మిల్లు పేరు, కింద అనంతపురం 515001. నక్షత్రాన్ని బట్టి బండి 1954, 1969 మధ్య తయారైనది. పిన్ కోడును బట్టి ఫొటో 1972కు ముందుది కాదు. అంటే మిల్లు దాన్ని పాతదిగా కొన్నదా, లేక సొంత బండికే మళ్లీ రంగు వేయించిందా? ఈ ఫొటో దాకా అయితే ఆ రెండూ సాధ్యమే, అలాగే రాసుకోండి.

అభ్యాసం: మీ ఫొటోకు మూడు వరుసలు రాయండి. బండి తయారైన చోటు, రిజిస్టరైన చోటు, ఫొటో తీసిన చోటు. ఒక్కో దానికీ ఆధారం పక్కనే రాయాలి. ఆధారం లేకపోతే ఖాళీ వదిలేయండి. నాలుగో పాఠంలో చక్రాలు, హెడ్‌లైట్లు, యుద్ధకాలపు బొగ్గు గ్యాసు బళ్లు.